నలభై ఒకటో వ్యక్తి ఎడమ మోకాలు

“ఎడమ మోకాలని నేనెక్కడ రాశానక్కా?”

బుల్లి ఆ మాట అడగడం మూడోసారి. మొదటిసారి అడిగినప్పుడు అక్క గుమ్మంలో చెప్పులు విప్పుతోంది. రెండోసారి అడిగినప్పుడు మంచినీళ్ళు తాగుతోంది. ఇప్పుడిక విప్పడానికీ తాగడానికీ ఏమీ మిగల్లేదు.

“ఏ మోకాలే?”

“నీకు బాగా తెలిసిన మోకాలే.”

భోజనాల బల్ల మీద మూడు కాగితాలున్నాయి. జర్నల్ వాళ్ళు పంపినవి. పైన ‘రివ్యూయర్ నంబర్ రెండు’ అని ఉంది. పేరు లేదు. ఉండదు కూడా. పేపరు రాసిందెవరో చదివేవాళ్ళకి చెప్పరు, చదివి తీర్పు చెప్పిందెవరో రాసినవాళ్ళకి చెప్పరు. మొహమాటాలు లేకుండా ఒకళ్ళ పని ఒకళ్ళు సరిచూసుకోవడానికి పెట్టుకున్న తెర అది. ఆ తెర వెనక కూర్చున్నది తోడబుట్టిన మనిషే అయితే ఏం చెయ్యాలో కూడా నియమాల్లో ఉంది. పేపరు ఎవరిదో తెలిసిపోతే ఆ రోజే వెనక్కి పంపెయ్యాలి, అంతే.

అక్క ఆరు వారాలు దగ్గర పెట్టుకుంది.

బుల్లి రెండో కాగితం తీసి గట్టిగా చదివింది. “‘నలభై ఒకటో వ్యక్తి డైరీ నమ్మదగినదిగా లేదు. ఎడమ మోకాలు సరిగా లేని మనిషి రోజూ సాయంత్రం బస్టాపు దాకా నడుచుకుంటూ వెళ్ళి కూర్చోవడం నమ్మశక్యం కాదు. ఇలాంటివారు జాలి కోసం ఉన్నదానికి నాలుగింతలు చేసి రాస్తారు. ఈ వ్యక్తిని పూర్తిగా తొలగించాలి.’”

కాగితం కింద పెట్టింది.

“నా పేపర్లో మోకాలే లేదు. ఆడో మగో కూడా రాయలేదు. అరవై ఐదేళ్ళు పైబడినవారు అని మాత్రమే ఉంది. మరి ఆ మోకాలు నీ రివ్యూలోకి ఎలా నడిచొచ్చింది?”

పక్క గదిలోంచి కుట్టుమిషను చప్పుడొక్కటే వినిపిస్తోంది. నాన్న బుల్లి బ్యాగుకి కొత్త జిప్పు వేస్తున్నాడు. నలభై ఏళ్ళు టైలరు షాపు నడిపి, అది ఎత్తేశాక కత్తెరలూ గుండీల డబ్బాలూ అన్నీ ఇచ్చేసి మిషను ఒక్కటి మాత్రం ఇంటికి తెచ్చుకున్నాడు. ఇద్దరు కూతుళ్ళనీ సైకాలజీ చదివించింది ఆ మిషనే. పెద్దదాని నోటికి ‘కత్తెర’ అని పేరు పెట్టింది ఆయనే. ఆ కత్తెర ఇప్పుడు పెద్ద ప్రొఫెసర్, రెండు వీధుల అవతల సొంత కాపురం. చిన్నదానికి ముప్పై మూడొచ్చాయి, పెళ్ళి మాటెత్తితే పరీక్షలున్నాయంటుంది, ఆయనతోనే ఉంటుంది, ఇంకా బుల్లే.

“గొంతు తగ్గించు. నాన్న వింటాడు,” అంది అక్క.

“మిషను ఆడుతున్నంతసేపూ వినపడదులే. చిన్నప్పుడు మనం కొట్టుకునేదంతా ఆ చప్పుడు చాటునే కదా.”

అక్క నవ్వబోయి ఆగింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“సరే. నేనే రాశాను. ఇప్పుడేమంటావ్?”

అలా ఒప్పేసుకుంటుందని బుల్లి అనుకోలేదు. పొద్దుటినుంచీ కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కసారిగా పనికిరాకుండా పోయాయి.

“నాదని ఎప్పుడు తెలిసింది?”

“తొమ్మిదో పేజీలో.”

తొమ్మిదో పేజీ ఇద్దరికీ కంఠతా వచ్చు. నలభై ఒకటో వ్యక్తి డైరీలోంచి ఎత్తి రాసిన నాలుగు ముక్కలు అవి. ‘ఇంట్లో ఇద్దరం ఉంటాం. కాజాలన్నీ వరసగానే ఉన్నాయి, గుండీలే లేవు. ఐదింటికి బస్టాపుకెళ్ళి కూర్చుంటాను. బస్సు ఎక్కను. ఊరికే రోడ్డు పక్కన కూర్చుంటే పిచ్చి అనుకుంటారు. బస్టాపులో కూర్చుంటే ఎవరి కోసమో చూస్తున్నారు పాపం అనుకుంటారు.’

కాజాలున్నాయి గుండీలు లేవు. పైకి అన్నీ ఉండి అసలుది లేని ప్రతిదానికీ నాన్న వాడే మాట అది. రాజకీయ నాయకుల ఉపన్యాసాల గురించి, ఉప్పు మర్చిపోయిన కూర గురించి, ఒకసారి పెద్దల్లుడి గురించి కూడా.

“తెలిశాక వెనక్కి పంపాలి కదా. ఎడిటర్‌కి ఒక్క లైను రాస్తే సరిపోయేది. నాకు తెలిసినవాళ్ళ పేపరు, నేను చూడకూడదు అని. క్లాసులో పిల్లలకి ఈ పాఠం చెప్పేది నువ్వేగా.”

“పంపిస్తే ఇంకొకళ్ళు చదివేవాళ్ళు. బాగుందని అచ్చేసేవాళ్ళు. మన నాన్న బస్టాపులో కూర్చున్న సంగతి ఊరూ వాడా చదివేది.”

“ఎవరో ఎవరికీ తెలీదు.”

“నాకు తెలిసిందిగా.”

బుల్లి గోడ గడియారం చూసింది. నాలుగుంబావు. ఐదింటిలోపు సరిచేసిన పేపరు పంపాలి. ఎడిటర్ ఉత్తరం చాలా మర్యాదగా ఉంది. మొదటి రివ్యూయర్‌కి పేపరు బాగా నచ్చింది, రెండోవారి అభ్యంతరం ఒక్కటే, నలభై ఒకటో వ్యక్తిని తొలగిస్తే అచ్చుకి తీసుకుంటాం, లేదా కారణం రాయండి, ఇంతకుముందే రెండుసార్లు గడువు పెంచాం కాబట్టి ఇంక పెంచలేం. పేపరు అచ్చుకి తీసుకున్నామని ఉత్తరం వస్తే బుల్లి ఉద్యోగం ఇంకో రెండేళ్ళు నిలుస్తుంది. రాకపోతే ఈ నెలాఖరుతో సరి.

తీసెయ్యడం ఎంతసేపు. లాప్‌టాప్‌లో ఒక వరస. ఒక మీట నొక్కితే పోతుంది.

“తీసెయ్యి,” అంది అక్క, అదే ఆలోచన పైకి చదివినట్టు. “అరవైమందిలో ఒకళ్ళు పోతే యాభై తొమ్మిది. లెక్కలు పెద్దగా మారవు. నేను వేసి చూశాను.”

“వేసి చూశావా?”

“నీకు నష్టం రాకూడదని చూశాను.”

“ఎంత ప్రేమో. తొలగించమని రాసేముందు నాకు ఫోన్ చేసి ఉంటే ఆ ప్రేమ తెలిసేది.”

“రివ్యూ చేసేవాళ్ళు రాసినవాళ్ళకి ఫోన్ చెయ్యకూడదు.”

ఆ మాట అన్న క్షణమే అక్కకీ దాని సంగతి అర్థమైంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. నవ్వు రావాల్సిన చోట నవ్వు రాలేదు.

కాసేపటికి అక్క అందుకుంది. గొంతు మారింది, క్లాసులో చివరి బెంచీని లేపే గొంతు.

“నన్ను అడిగింది చాలు. ఇప్పుడు నువ్వు చెప్పు. నీకెప్పుడు తెలిసింది?”

బుల్లి కాగితాలు సర్దింది. సర్దినవే మళ్ళీ సర్దింది.

ఆ డైరీలు వచ్చే పద్ధతి వేరు. లైబ్రరీలో పెద్దవాళ్ళు పేపరు చదువుకునే గదిలో నోటీసు పెట్టారు. ఇష్టమున్నవాళ్ళు ఫారం నింపి, పద్నాలుగు రోజులు రోజుకో పేజీ రాసి, ఆ రోజు ఎంత ఒంటరిగా అనిపించిందో పదికి ఒక అంకె వేసి, అక్కడున్న డబ్బాలో వెయ్యాలి. డిపార్ట్‌మెంటు టైపిస్టు వాటిని టైపు చేసి నంబర్లు వేస్తాడు. పేర్లున్న కవరు సీలు వేసి గుమాస్తా బీరువాలో ఉంటుంది. బుల్లి చేతికొచ్చేది నంబరూ మాటలూ మాత్రమే.

“కాజాల దగ్గర,” అంది చివరికి.

“అంటే?”

“మొదటిసారి చదివినప్పుడే.”

“ఎన్నాళ్ళైంది?”

“ఎనిమిది నెలలు.”

అక్క వేళ్ళతో బల్ల మీద లెక్కపెట్టింది, అక్కర్లేకపోయినా. “ఎనిమిది నెలలు. ఒకే ఇంట్లో. రోజూ పొద్దున్నే ఆయన పెట్టిచ్చిన టీ తాగుతూ. మనిషిని గుర్తుపడితే ఆ డైరీ పక్కన పెట్టెయ్యాలి, అవునా? నీ పేపర్లో నువ్వే రాశావ్, ‘పాల్గొన్నవారెవరూ పరిశోధకులకు తెలిసినవారు కారు’ అని. నేను ఎర్ర ఇంకుతో గీత కూడా గీశాను దాని కింద.”

“అరవై డైరీలు చదివానక్కా. ‘ఈ రోజు బాగానే గడిచింది, ఈ రోజు బాగానే గడిచింది’, పద్నాలుగు రోజులూ అదే. నిజం రాసింది ఆ ఒక్కళ్ళే. అది తీసేస్తే నా పేపర్లో లెక్కలు ఉంటాయి, మనిషి ఉండడు.”

“అదీ మాట. నాన్న ఒంటరితనం నీకు బాగా పనికొచ్చింది.”

“నీకు అడ్డొచ్చింది.”

కింద వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక కిక్కు మీద కిక్కు కొడుతున్నారు. ఆరు కిక్కులకి అంటుకుంది.

“నేను నమ్మలేదే,” అంది అక్క. ఈసారి గొంతు ప్రొఫెసర్‌ది కాదు. “తొమ్మిదో పేజీ దగ్గర ఆగిపోయాను. వెంటనే నాన్నకి ఫోన్ చేశాను. ఎలా ఉన్నావ్ నాన్నా అన్నాను. బాగున్నానమ్మా, అల్లుడు ఎలా ఉన్నాడు అన్నాడు. నాకు ఆ మాట చాలింది. ఇంక ఏమీ అడగలేదు. ఫోన్ పెట్టేసి మిగతా పేజీలు చదివాను, నాలుగింతలు చేసి రాశాడని రాసేశాను.”

“నాలుగింతలు కాదు.”

“నీకెలా తెలుసు?”

బుల్లి వంటగది కిటికీ వైపు చెయ్యి చూపించింది. మూడో అంతస్తు. అక్కణ్ణించి కిందికి చూస్తే వీధి మలుపు, మలుపులో మందుల షాపు, దాని ముందు బస్టాపు. రేకు కప్పు, ఒక సిమెంటు బెంచీ.

“ఆదివారాలు నేను ఇంట్లోనే ఉంటాను కదా. చూశాను. ఐదింటికి పది నిమిషాల ముందు బయల్దేరతాడు. సరిగ్గా ఐదింటికి బస్సొస్తుంది. ఎక్కడు. ఆరూ పదికి లేస్తాడు.”

“చూసి ఏం చేశావ్?”

బుల్లి చూపించిన చెయ్యి దించింది.

“చూసి ఏం చేశావే?”

“టైములు రాసుకున్నాను. డైరీలో రాసింది నిజమో కాదో సరిచూడాలి కదా అని.”

అక్క కుర్చీలో వెనక్కి వాలింది. “కిందికి దిగి పక్కన కూర్చోడానికి ఎంతసేపు? మూడంతస్తులు. నువ్వు కిటికీలోంచి ఆయన్ని గమనించావ్. తర్వాత మిగతా యాభై తొమ్మిది మందితో కలిపి సగటు తీశావ్.”

“నువ్వు చించి అవతల పడెయ్యమన్నావ్.”

“అవును. నేను చించమన్నాను, నువ్వు సగటు తీశావ్. ఇద్దరం బాగానే చదువుకున్నాం.”

“ఎడిటర్‌కి రాస్తానక్కా. ఉన్నదున్నట్టు. ఆయన మా నాన్న, రివ్యూయర్ మా అక్క అని.”

“రాయి. నీ ఉద్యోగం ఈ నెలాఖరుకి పోతుంది. నన్ను రేపే జర్నల్ బోర్డులోంచి తీసేస్తారు, యూనివర్సిటీలో విచారణ వేస్తారు. రాయి, రాయి. ఇద్దరం వచ్చి నాన్న పక్కనే బస్టాపులో కూర్చోవచ్చు.”

“కనీసం అప్పుడైనా కూర్చుంటాం.”

అప్పుడు గమనించారు. మిషను ఆగిపోయి ఉంది. ఎప్పుడాగిందో ఇద్దరికీ తెలీదు.

నాన్న గుమ్మంలో నిలబడ్డాడు. చేతిలో బ్యాగుంది, మెడలో టేపుంది.

“జిప్పు వేశానమ్మా. పాతదానికి పళ్ళూడిపోయాయి, నాలాగే.” రెండుసార్లు లాగి మూసి చూపించాడు. బ్యాగు బల్ల మీద పెట్టి కళ్ళజోడు పెట్టుకున్నాడు. చొక్కా జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. మడతల దగ్గర నలిగిపోయి ఉంది. చాలాసార్లు విప్పి మడిచిన కాగితం.

“ఇది ఫారంతో పాటు ఇచ్చారు. మన దగ్గర ఉంచుకోమన్నారు.” వేలు పెట్టి వరస వెతికాడు. “‘పాల్గొనేవారు ఎప్పుడైనా, ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోవచ్చు.’ ఇలాగే ఉంది కదా?”

“నాన్నా, అదీ...”

“ఉందా లేదా?”

“ఉంది.”

“అయితే తప్పుకుంటున్నా. నా నంబరెంతో నాకు తెలీదు, మీ మాటల్లోనే విన్నా. నలభై ఒకటట కదా. ఆ నలభై ఒకటి తీసెయ్యమ్మా. నీ ఉద్యోగానికీ ఇబ్బంది ఉండదు, అక్క పరువుకీ ఇబ్బంది ఉండదు. అక్క అడిగిందీ అదేగా.”

బుల్లి ఆ కాగితం వైపు చూసింది. “అది నా స్టడీ అని నీకు తెలుసా?”

“ఆ బోర్డు మీద నోటీసు నీ చేతిరాతే కదమ్మా. నీకు పలక మీద దిద్దించింది నేనేగా.”

“తెలిసే రాశావా?”

“తెలిసే రాశాను. నువ్వు చదువుతావని.” నాన్న కాగితాన్ని అవే మడతల్లో మళ్ళీ మడిచాడు. “ఎదురుగా చెప్పాలంటే ఏం చెప్పాలి? నువ్వు పొద్దున్నే పరుగు, రాత్రికి అలిసిపోయి వస్తావ్. సరే, కాగితం మీదైతే తీరిగ్గా చదువుతావని. పద్నాలుగు రోజులు రాయమన్నారు, రాశాను. డబ్బాలో వేశాను. పదిహేనో రోజు నుంచీ చూస్తున్నా.”

“ఏం చూస్తున్నావ్ నాన్నా?”

“ఏమైనా అంటావేమోనని.”

ఫిర్యాదులా చెప్పలేదు. ఫలానా చొక్కా ఫలానా రోజుకి తయారవుతుందని చెప్పినట్టే చెప్పాడు.

తర్వాత పెద్దదాని వైపు తిరిగాడు. “నాలుగింతలు చేసి రాశానని రాశావటమ్మా. అది మాత్రం తప్పు. నలభై ఏళ్ళలో ఎవరికీ కొలత ఎక్కువ తియ్యలేదు నేను. ఎక్కువ తీస్తే బట్ట దండగ. ఉన్నదానికి సగమే రాశాను.”

కత్తెర బల్ల మీది రెండో కాగితాన్ని బోర్లా తిప్పి పెట్టింది.

నాన్న మెడలో టేపు తీసి కుర్చీ వీపుకి తగిలించాడు. గుమ్మం దగ్గరికెళ్ళి గోడ పట్టుకుని చెప్పులు వేసుకున్నాడు. ఐదింటికి పది నిమిషాలుంది.

“నాన్నా,” అంది అక్క. పిలిచాక ఏం అడగాలో తోచలేదు. ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగింది. “ఎడమ మోకాలు ఎలా ఉంది? అంత దూరం నడవగలవా?”

నాన్న వెనక్కి తిరిగాడు. నవ్వాడు, నొచ్చుకోకుండానే.

“ఎడమది ఎప్పుడో తగ్గిపోయిందమ్మా. రెండేళ్ళ నుంచీ కుడిదే నొప్పి.”

తలుపు దగ్గరకి వేసి వెళ్ళాడు. మెట్ల మీద చెప్పుల చప్పుడు, ఒక మెట్టు, ఆగడం, ఇంకో మెట్టు. ఆ ఆగడం ఎప్పటినుంచీ ఉందో ఇద్దరికీ తెలీదు.

“వెళ్ళు,” అంది అక్క.

“నువ్వెళ్ళు.”

“నీతోనే ఉంటాడు, నువ్వెళ్ళాలి.”

“పెద్దదానివి నువ్వు.”

ఎవరూ వెళ్ళలేదు. వెళ్ళి ఏం అనాలో ఇద్దరికీ తెలీదు, అసలు సంగతి అదీ. ఒంటరితనం మీద ఇద్దరూ కలిసి పాతిక పేపర్లు రాసి ఉంటారు.

బుల్లి లాప్‌టాప్ దగ్గరకి లాక్కుంది. ఆ వరస ఎంచుకుంది. నలభై ఒకటి. పద్నాలుగు రోజులు, పద్నాలుగు అంకెలు. మీట నొక్కింది. కింద మొత్తం అరవై ఉన్నది యాభై తొమ్మిదైంది. ఏ చప్పుడూ కాలేదు.

ఎడిటర్‌కి ఉత్తరం మొదలుపెట్టింది. ‘నలభై ఒకటో వ్యక్తి అధ్యయనం నుంచి తప్పుకున్నారు.’ అక్కడ ఆగింది.

అక్క వెనక నిలబడి చదివింది. “కారణం రాయక్కర్లేదు. ఆయన చెప్పక్కర్లేదని ఫారంలోనే ఉంది.”

“తెలుసు.”

“అలా పంపిస్తే సరిపోతుంది. అందులో అబద్ధం కూడా ఏం లేదు.”

“తెలుసక్కా.”

నాలుగు యాభై ఎనిమిది. అక్క చేతులు కుర్చీ వీపు మీద ఉన్నాయి. నాన్న తగిలించి వెళ్ళిన టేపు వేళ్ళకి తగిలింది. దాన్ని తీసి చుట్టడం మొదలుపెట్టింది. చిన్నప్పుడు షాపు కట్టేసే ముందు రోజూ చుట్టేది అలాగే, అంగుళాలు పైకి కనపడేలా. సగం చుట్టి ఆపింది.

“మిగతా రెండు వాక్యాలూ రాసెయ్యవే,” అంది.

“ఏవి?”

“ఆయన మా నాన్న. రివ్యూయర్ మా అక్క.”

బుల్లి తల తిప్పి చూసింది. అక్క తన వైపు చూడటం లేదు, కిటికీలోంచి కిందికి చూస్తోంది. బుల్లి రాసింది. రెండు చిన్న వాక్యాలు. పంపే మీట మీద వేలు పెట్టింది.

“బుల్లీ, ఇటు రా.”

“ఒక్క నిమిషం.”

“ఇటు రా.”

వేలు తీసి కిటికీ దగ్గరికి వెళ్ళింది. మలుపులో ఎర్ర బస్సు ఆగి ఉంది. బస్టాపు బెంచీ బస్సు వెనక దాగిపోయింది. ఐదింటి బస్సు. రోజూ ఆగుతుంది, ఎవరో దిగుతారు, ఎవరో ఎక్కుతారు, కదిలిపోతుంది, ఆయన అక్కడే ఉంటాడు. ఎనిమిది నెలల ఆదివారాలూ అంతే.

బస్సు కదిలింది.

బెంచీ ఖాళీగా ఉంది.

అక్క అప్పటికే ఫోన్ కలిపింది. పక్క గదిలో, కుట్టుమిషను మీద, నాన్న ఫోను మోగింది.

మోగుతూనే ఉంది. బస్సు మందుల షాపు దాటి, ఎడమకి తిరిగి, కనపడకుండా పోయింది.

“నువ్వు టైములన్నీ రాసుకున్నావ్ కదే,” అంది అక్క. “ఆ బస్సు ఎటెళ్తుంది?”

బుల్లి కిటికీ ఊచ పట్టుకుని నిలబడింది. వచ్చే టైము తెలుసు, పోయే టైము తెలుసు, ఎన్ని సెకన్లు ఆగుతుందో కూడా ఒక కాగితం మీద రాసి పెట్టుకుంది.

ఎటెళ్తుందో ఏ రోజూ చూడలేదు.